ఇల్లు శుభ్రం చేయడానికి నమ్మకమైన మనిషి కావాలంటే ముందు మొహమాటం వదలాలి

మీ ఇంటి తాళంచెవి ఇచ్చి, మీరు లేనప్పుడు కూడా లోపలికి వెళ్లమని చెప్పే బయటి మనిషి ఎవరని అడిగితే చాలామందికి ఒక్కరే గుర్తొస్తారు: ఇల్లు శుభ్రం చేసేవారు. పడకగది, మందుల డబ్బా, బల్ల మీద పడేసిన బ్యాంకు కాగితాలు, అన్నీ వారి కంట పడతాయి. అయినా ఒక ఫోను కొనడానికి పెట్టే శ్రద్ధలో సగం కూడా ఈ మనిషిని ఎంచుకోవడానికి పెట్టం. ఎవరో చెప్పారు, ఆవిడ వచ్చింది, ‘రేపటి నుంచి రండి’ అన్నాం, అయిపోయింది.

తరవాత వచ్చే తలనొప్పుల్లో, నేను చూసినంతలో, దొంగతనాలకంటే మొహమాటం తెచ్చిపెట్టినవే ఎక్కువ. అడగవలసింది మొదటిరోజు అడగం. చెప్పవలసింది చెప్పం. మూలల్లో దుమ్ము అలాగే ఉందని మూడు నెలలు లోలోపల గొణుక్కుంటాం, నాలుగో నెలలో ఒక్కసారిగా విరుచుకుపడతాం. అవతలి మనిషికేమో ఆ మూలలు తన పనిలో ఉన్నాయన్న సంగతే తెలియదు. అందుకే కింద చెప్పిన పనుల్లో చాలావరకు మాట్లాడుకోవడం, రాసుకోవడమే ఉంటాయి.

ఒక చిన్న మాట. ప్రపంచం మొత్తం మీద ఇళ్లలో పనిచేసేవారు సుమారు 7.56 కోట్లమంది ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కకట్టింది. వారిలో నాలుగింట మూడు వంతులమంది ఆడవారే. అందుకని ఇక్కడ ‘ఆవిడ’ అని రాస్తున్నాను. మీ ఇంటికి అతను వచ్చినా ఇవే మాటలు వర్తిస్తాయి.

ముందు ఇల్లు మీరే ఒకసారి శుభ్రం చేయండి, గడియారం చూసుకుంటూ

పని వదిలించుకోవడానికే కదా మనిషిని వెతుకుతున్నది అంటారేమో. ఒక్కసారి చేసి చూడండి, రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఎంతసేపు పడుతుందో. రెండు గంటల్లో అయిపోతుందని మీరనుకున్న ఇల్లు మూడున్నర గంటలు తీసుకోవచ్చు. ఆ లెక్క తెలియకుండా ‘రెండు గంటల పనే కదా’ అని కుదుర్చుకుంటే ఆవిడ కనబడే చోట్లు మెరిపించి, కనబడనివి వదిలేసి వెళ్తుంది. ఇచ్చిన సమయం అంతే మరి.

రెండోది, శుభ్రం అన్న మాటకు మీ ఇంట్లో అర్థం ఏమిటో. ‘బాత్రూం కడగడం’ అంటే ఒకరికి నేలమీద నీళ్లు కొట్టి తుడిచేయడం. మరొకరికి కుళాయి మొదట్లో పేరుకున్న తెల్లటి ఉప్పు వదిలించడం, నీళ్లు పోయే జాలీ ఎత్తి వెంట్రుకలు తీయడం, టైల్స్ మధ్య సందుల్లో నల్లబడిన చోట బ్రష్‌తో రుద్దడం, అద్దం మీద చుక్కల మరకలు పోగొట్టడం, చివరికి తలుపు వెనక వైపు కూడా తుడవడం. మొదటిదానికి పది నిమిషాలు చాలు. రెండోదానికి ముప్పావుగంట కావాలి. రెంటికీ పేరు మాత్రం ఒకటే. సగం తగాదాలు ఇక్కడే పుడతాయి.

చేసిన పనినంతా కాగితం మీద మూడు భాగాలుగా రాసుకోండి: వచ్చిన ప్రతిసారీ చేయవలసినవి, నెలకొకసారి చేస్తే చాలనేవి (బూజు దులపడం, ఫ్యాను రెక్కలు, ఫ్రిజ్ లోపల, కిటికీ ఊచలు), అసలు ముట్టుకోవద్దనేవి. ఈ మూడో జాబితా చాలామంది రాయరు. పని చేసుకునే బల్ల మీది కాగితాలు, పెద్దవారి మందులు, విద్యుత్ తీగలున్న మూల, పై అంతస్తు కిటికీల బయటివైపు, ఇలాంటివి ఇందులోకి వస్తాయి. కిటికీ అంచు మీద నిలబడి అద్దాలు తుడవమని ఎవరినీ అడగకండి. వారంతట వారే ఎక్కబోయినా దింపండి.

ఇల్లు చాలాకాలంగా సరిగా శుభ్రం చేయకపోతే మొదటిసారి పనిని వేరే లెక్కలో పెట్టండి. పేరుకున్న జిడ్డు వదిలించడం వేరు, వారం వారం నిలబెట్టుకోవడం వేరు. రెండూ ఒకే రేటుకు, ఒకే సమయంలో అవ్వాలనుకుంటే మొదటి రోజే ఇద్దరికీ అసంతృప్తి మిగులుతుంది.

ఏజెన్సీ ద్వారానా, నేరుగానా

ఏజెన్సీ అయితే ఒకరు రాకపోతే మరొకరిని పంపుతుంది, గుర్తింపు తనిఖీలు తానే చేస్తుంది, వస్తువులు పాడైతే బీమా ఉందంటుంది. ఆ ‘అంటుంది’ దగ్గర ఆగండి. బీమా కాగితం చూపించమనండి. ఎంతవరకు చెల్లిస్తారు, దేనికి చెల్లించరు, గడువు ఎప్పటివరకు ఉంది అన్నవి చదవండి. ప్రతిసారీ ఒకే మనిషి వస్తారా అని అడగండి. వారానికో కొత్త ముఖం వచ్చేటట్లయితే, ప్రతి వారం మీ ఇల్లు మొదటినుంచి వివరించడానికి సిద్ధపడాలి. మనిషిని చూపించకముందే నమోదు రుసుము కట్టమనే చోటినుంచి మర్యాదగా బయటకు వచ్చేయండి.

నేరుగా పెట్టుకుంటే ఒకే మనిషి, ఒకే చెయ్యి. డబ్బంతా ఆవిడకే చేరుతుంది. అయితే తనిఖీ చేయవలసిన బాధ్యత మీదే, ఆవిడ సెలవు పెడితే ఆ వారం చీపురు పట్టవలసిందీ మీరే. చాలా దేశాల్లో ఇలా పెట్టుకున్నప్పుడు చట్టం మిమ్మల్ని యజమానిగా లెక్కిస్తుంది. కనీస వేతనం, పన్ను, సామాజిక భద్రత, పనిలో దెబ్బ తగిలితే పరిహారం వంటివి మీ మీదకు రావచ్చు. మీరుండే చోట నియమాలు ఏమిటో పెట్టుకోకముందే కనుక్కోండి.

వారం వారం జరిగే పనికి నేరుగా మనిషి, ఇల్లు మారినప్పుడు చేసే ఒక్కసారి పెద్ద పనికి ఏజెన్సీ. నా ఓటు అటే.

వెతకడం

ప్రకటనలకంటే ముందు ఇరుగుపొరుగును అడగండి. అయితే ‘ఎవరైనా తెలుసా?’ అని కాదు. ‘మీ ఇంటికి ఏడాదికి పైగా వస్తున్నవారు ఎవరైనా ఉన్నారా?’ అని అడగండి. మొదటి నెల అందరూ బాగానే చేస్తారు, కాబట్టి నెల కింద చేరిన మనిషి గురించిన మెచ్చుకోలు అంతగా పనికిరాదు. ఇంకా మంచి దారి, బాగా పనిచేస్తున్న ఒకావిడను ‘మీకు ఖాళీ లేకపోతే మీలాంటి వారు ఎవరైనా ఉన్నారా?’ అని అడగడం. తన పేరు చెడుతుందనే భయంతో ఆవిడ అడ్డదిడ్డమైన మనిషిని పంపదు.

మార్కెట్లో అందరూ అడిగేదానికంటే బాగా తక్కువకు చేస్తామనేవారు దొరికితే సంబరపడకండి. ఆ తేడా ఎక్కడో ఒకచోట తేలుతుంది: సమయంలోనో, నాణ్యతలోనో, మూడు వారాల తరవాత చెప్పాపెట్టకుండా మానేయడంలోనో.

పాత ఇళ్లవారితో ఫోనులో మాట్లాడండి

ఈ మెట్టు దాటవేయకండి. కనీసం ఇద్దరితో, వీలైతే ఇప్పుడు పనిచేస్తున్న ఇంటివారు ఒకరు, మానేసిన ఇంటివారు ఒకరితో మాట్లాడండి. ‘మంచి మనిషేనా?’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ ‘ఆ, మంచిదేనండి’ అనే అంటారు. ఒకరి నోటికాడ కూడు తీసేయడం ఎవరికి ఇష్టం?

మూడు ప్రశ్నలు అడగండి. ఎంతకాలం చేశారు, ఏ రోజుల్లో వచ్చేవారు? ఏదైనా పగిలినప్పుడో పాడైనప్పుడో ఏం జరిగింది? మీకు అవసరం వస్తే మళ్లీ పెట్టుకుంటారా?

మొదటి ప్రశ్న అవతలివారు నిజంగా ఆ ఇంటివారేనా అన్నది తేలుస్తుంది. స్నేహితురాలి నంబరు ఇచ్చి ‘పాత ఇల్లు’ అని చెప్పిన సందర్భాలుంటాయి. ఇంట్లో ఎన్ని గదులు, ఏ రోజు, ఎన్ని గంటలు అని అడిగితే చాలు, ఆవిడ చెప్పినదానితో పోల్చుకోవచ్చు.

రెండో ప్రశ్న వల్లే నేనొకసారి మనిషిని ఎంచుకున్నాను. అవతల ఫోనెత్తినావిడ, ‘బల్ల మీది దీపం పగలగొట్టిందండి. అప్పుడు నేను ఇంట్లో లేను. సాయంత్రం వచ్చేసరికి ముక్కలన్నీ ఒక అట్టపెట్టెలో పేర్చి, పైన చీటీ పెట్టి వెళ్లింది. తీగ కాలికి తగిలి పడింది, మీరు చూడాలని ముక్కలు పారేయలేదు అని రాసింది’ అంది. నాకు ఇంకేం వినాలనిపించలేదు. పగలగొట్టని మనిషి కోసం వెతికితే ఎప్పటికీ దొరకరు. వస్తువులు ముట్టుకుంటూ బతికే చేతుల్లోనుంచి ఎప్పుడో ఒకటి జారుతుంది. పగిలిన సంగతి తనంత తానుగా చెప్పే మనిషి కావాలి.

మూడో ప్రశ్నకు జవాబుకంటే జవాబు ముందు వచ్చే విరామాన్ని వినండి. మరొక మనిషి గురించి ఒకాయనతో మాట్లాడినప్పుడు అప్పటిదాకా గలగలా చెప్పినాయన, ‘మళ్లీ పెట్టుకుంటారా?’ అనగానే ఆగిపోయాడు. కాసేపటికి, ‘ఇప్పుడు మాకు అవసరం లేదులెండి’ అన్నాడు. నేను అడిగింది అది కాదు. ఆయనకూ తెలుసు.

ఇంటికి పిలిచి, ఇల్లంతా తిప్పి చూపించండి

సోఫాలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడంకంటే గది గదికీ తిప్పడం నయం. రాసుకున్న జాబితా చేతిలో పెట్టుకుని చూపించండి. డబ్బు మాట ఇల్లంతా చూశాకే ఎత్తండి. చూడకుండా ఎవరు ఏ అంకె చెప్పినా అది ఊహే.

ఆవిడ ఏం అడుగుతుందో గమనించండి. ‘ఇది పాలరాయా, టైలా?’, ‘ఇంట్లో ఎవరికైనా ఆయాసం, అలర్జీ లాంటివి ఉన్నాయా?’, ‘కుక్కను కట్టేస్తారా?’, ‘మురికినీళ్లు ఎక్కడ పారబోయాలి?’ ఇలాంటివి అడిగే మనిషి పని తెలిసిన మనిషి. ‘అన్నీ చేసేస్తానమ్మా’ అని గుమ్మం దగ్గరే తేల్చేసేవారి విషయంలో కాస్త నిదానించండి.

మీరు కూడా ఒకటి అడగండి: ‘ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తారు?’ పని తెలిసినవారు పైనుంచి కిందికి వస్తారు, ముందు పొడిగా దులిపి తరవాత తడిగుడ్డ పెడతారు, టాయిలెట్లు చివరికి ఉంచుతారు. నేల తుడిచాక ఫ్యాను దులిపితే తుడిచిన నేల మళ్లీ తుడవాలి. దుమ్ము దులపకుండా తడిగుడ్డ పెడితే అది బురదై గోడ అంచుల్లో చారలు కడుతుంది. మరో ప్రశ్న: టాయిలెట్ తుడిచే గుడ్డ, వంటగట్టు తుడిచే గుడ్డ వేరు వేరుగా ఉంచుతారా? ఆసుపత్రులు, హోటళ్లలో చాలాచోట్ల ఇందుకే గుడ్డలకు రంగులు కేటాయిస్తారు, టాయిలెట్లకు సాధారణంగా ఎరుపు. మీ ఇంట్లోనూ రెండు మూడు రంగుల గుడ్డలు కొని పెట్టి, ఏ రంగు ఎక్కడికో చెప్పేస్తే సరిపోతుంది. దీనికంటే చవకైన ఏర్పాటు నాకు తెలియదు.

అడగకూడనివీ ఉన్నాయి. మతం, పెళ్లి, పిల్లల్ని ఎప్పుడు కంటారు వంటివాటికి నేల తుడవడంతో సంబంధం లేదు. వయసు మాత్రం తెలుసుకోండి. పనికి వచ్చింది పిల్ల అయితే, ఎవరు తీసుకొచ్చినా, ఎంత జాలికథ చెప్పినా, ఒప్పుకోకండి.

గుర్తింపు పత్రాలు

ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు చూడండి, ఆవిడ అనుమతితో నకలు తీసుకుని అసలు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. అసలు కాగితాలు ‘భద్రంగా’ మీ దగ్గర పెట్టుకోవడం భద్రత కాదు, మనిషిని కట్టిపడేయడం. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడిక కూడా ప్రయాణ, గుర్తింపు పత్రాలు పనివారి దగ్గరే ఉండాలంటుంది. నేరచరిత్ర తనిఖీ చేయించాలనుకుంటే మీ ప్రాంతంలో చట్టం అనుమతించే పద్ధతిలోనే, ఆవిడకు చెప్పే చేయించండి. ఆ నకలును ఫోటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టకండి. మీ కార్డు ఫోటో అలా తిరిగితే మీకెలా ఉంటుంది?

ఆవిడకు ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు తీసుకోండి. ఇది చాలామంది మరిచిపోతారు. తడినేల మీద కాలుజారి పడ్డ రోజున వెతుక్కోవలసి వస్తుంది.

మాట్లాడుకున్నది కాగితం మీద పెట్టండి

ఇంటిపనికి ఒప్పందమా అని నవ్వేవారుంటారు. పైన చెప్పిన 189వ ఒడంబడికను 2011 జూన్‌లో ఆమోదించారు, 2013 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. పని షరతులు పనివారికి అర్థమయ్యేలా, వీలైనచోట రాతపూర్వకంగా తెలియజేయాలని అందులో ఉంది. వారానికి కనీసం 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని కూడా ఉంది. మీ దేశం దాన్ని ఆమోదించినా ఆమోదించకపోయినా, ఒక పేజీ కాగితం మీకే ఉపయోగం.

రోజులు, గంటలు, జీతం, ఏ తేదీన ఎలా ఇస్తారు, పనుల జాబితా, సెలవులు, మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి: ఇవి అందరూ రాస్తారు. రాయనివాటి గురించి చెబుతాను. మీరు ఊరికి వెళ్లి ఆ వారం రావద్దంటే జీతం ఇస్తారా? నేనైతే ఇవ్వమంటాను, ఆ సమయాన్ని ఆవిడ మీకోసం ఉంచింది, వేరే ఇంటికి అమ్ముకోలేదు. ఇంటికి చుట్టాలొచ్చి పని రెట్టింపైతే అదనపు గంటకు ఎంత? ఆవిడ ఆలస్యంగా వస్తే ఆ సమయం తరవాత పొడిగిస్తుందా? లిక్విడ్‌లు, గుడ్డలు, చేతి తొడుగులు ఎవరు కొనాలి? ఏదైనా పగిలితే ఎవరు భరించాలి?

పగిలేవాటి మీద నా పద్ధతి ఇది: రోజూ వాడే వస్తువు పగిలితే నా ఖాతా. పగిలితే నేను ఏడ్చేంత విలువైనదైతే దాన్ని ‘ముట్టుకోవద్దు’ జాబితాలో పెట్టి నేనే తుడుచుకుంటాను. జీతంలో కోత పెట్టే ఇంట్లో పగిలిన ముక్కలు చెత్తబుట్ట అడుగుకు చేరతాయి తప్ప అట్టపెట్టెలోకి రావు.

కాగితం ఆవిడ చదవగలిగే భాషలో ఉండాలి. చదవడం రాకపోతే చదివి వినిపించండి, ఫోనులో ఆడియోగా కూడా పంపవచ్చు. ఒక ప్రతి ఆవిడ దగ్గర ఉంచండి.

లిక్విడ్‌లు, రాళ్లు, కొన్ని ప్రమాదాలు

అనుభవం ఉన్నవారికి ఇవన్నీ తెలుసులే అనుకోకండి. బ్లీచ్‌ను టాయిలెట్ క్లీనర్‌తో కలపకూడదని మొదటి రోజే నోటితో చెప్పండి. బ్లీచ్‌లో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది, టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఆమ్లం ఉంటుంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, బెల్జియంలోని కందకాల మీదికి వదిలిన వాయువు ఇదే. కిటికీ మూసిన చిన్న బాత్రూంలో కొద్దిపాటి వాయువు కూడా కళ్లు, ఊపిరితిత్తులను మండిస్తుంది. వెనిగర్ కూడా ఆమ్లమే కాబట్టి దానితోనూ వద్దు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరమైన్‌లనే మరో రకం విషవాయువులు వస్తాయి. ‘రెండు కలిపితే ఇంకా బాగా పోతుంది’ అన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. ఒక లిక్విడ్ వాడితే, బాగా నీళ్లు కొట్టి కడిగాకే రెండోది. తలుపు, కిటికీ తెరిచి ఉంచాలి.

క్రిమిసంహారకాలు చల్లగానే పనిచేయవు. ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలో సీసా మీదే రాసి ఉంటుంది. చల్లిన వెంటనే తుడిచేస్తే వాసన మిగులుతుంది, క్రిములూ మిగులుతాయి. నీళ్లలో కలిపిన బ్లీచ్ కూడా నిల్వ ఉంటే బలం తగ్గుతుంది, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

ఇక నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. టాయిలెట్ క్లీనర్ పెద్ద డబ్బా బరువుగా ఉందని కొంత తీసి ఒక ఖాళీ స్ప్రే సీసాలో పోశాను, పేరు రాయలేదు. ఆవిడ దాన్ని మామూలు క్లీనర్ అనుకుని చేతులు కడుక్కునే బేసిన్ చుట్టూ ఉన్న పాలరాతి పలక మీద చల్లి తుడిచింది. సాయంత్రానికి నున్నటి రాయి మీద అరచేతి వెడల్పున పాలిపోయిన వలయం కనబడింది. వేలితో రాస్తే గరుకుగా తగులుతోంది. మరక అనుకుని గంటసేపు రుద్దాను. అది మరక కాదు. పాలరాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే పై పొర కరిగిపోతుంది. ఎంత తుడిచినా రాదు, మళ్లీ పాలిష్ పట్టించాలి. మర్నాడు ఆవిడ ఆ వలయం చూసి చేతిలో గుడ్డ పిండుతూ అలాగే నిలబడిపోయింది. తప్పు నాది, సీసా నాది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పేరులేని సీసా లేదు.

చెక్క నేల మీద నీళ్లు కుమ్మరించకూడదు, బాగా పిండిన గుడ్డ చాలు. టీవీ తెర మీద నేరుగా ఏదీ చల్లకూడదు, మెత్తటి పొడిగుడ్డతో తుడవాలి. ఇలాంటివి మీ ఇంట్లో ఏమున్నాయో తిరుగుతున్నప్పుడే చూపించండి.

మొదటి రోజు

డబ్బిచ్చే చేయించుకోండి. ‘ముందు ఒకరోజు చేసి చూపించు’ అని ఊరికే చేయించుకోవడం మొదటి అడుగులోనే అపనమ్మకం నాటడం. ఆవిడ రాకముందు ఇప్పటికే ఉన్న గీతలు, పగుళ్లు, మరకలు ఫోటో తీసి పెట్టుకోండి. రెండు నెలల తరవాత ‘ఈ గీత ఎప్పటిది?’ అన్న అనుమానం మీ ఇద్దరి మధ్యకూ రాకుండా ఉంటుంది.

ఆ రోజు ఇంట్లో ఉండండి, కానీ వెనకాలే తిరగకండి. పక్కగదిలో మీ పని మీరు చూసుకోండి. అయిపోయాక ఇద్దరూ కలిసి ఒకసారి చుట్టి రండి. తలుపు పై అంచు, కుళాయి వెనక, సోఫా కింది అంచు, స్విచ్‌బోర్డు చుట్టూ, ఈ నాలుగూ చూస్తే చాలు. లోపం కనబడితే అక్కడే, వేలితో చూపించి, మామూలు గొంతుతో చెప్పండి. మొదటి రోజు పనిని చూసి తీర్పు ఇవ్వకండి. కొత్త ఇంట్లో ఏ స్విచ్ ఎక్కడుందో తెలియడానికే సగం పొద్దు పోతుంది. రెండోసారి వచ్చినప్పుడు మీరు చూపించిన చోటు శుభ్రంగా ఉందా? మూడోసారి అడగకుండానే ఉందా? నాలుగు వారాలు ఇలా చూసి అప్పుడు ఖాయం చేసుకోండి.

తాగడానికి నీళ్లు, వాడుకోవడానికి టాయిలెట్, సామాను పెట్టుకోవడానికి ఒక చోటు చూపించండి. రోజంతా మన టాయిలెట్లు కడిగే మనిషి మన టాయిలెట్ వాడుకోవడానికి మొహమాటపడే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

తాళంచెవి, కెమెరా, విలువైన వస్తువులు

తాళంచెవి మొదటి రోజే ఇవ్వనక్కర్లేదు. నెలో రెండు నెలలో గడిచాక ఇవ్వండి. తాళంచెవికి కట్టే చీటీ మీద ఇంటి చిరునామా మాత్రం రాయకండి, దారిలో పోతే దొరికినవాడికి దారి చూపించినట్టే. నంబరు తాళం ఉంటే ఆవిడకు విడిగా ఒక నంబరు పెట్టండి. మీ నంబరు ఇవ్వకండి. చాలా తాళాల్లో ఆ నంబరు ఏ రోజుల్లో, ఏ వేళల్లో పనిచేయాలో కూడా నిర్ణయించవచ్చు.

కెమెరా ఉంటే ఎక్కడుందో చూపించి చెప్పండి. పడకగదిలో, బాత్రూంలో, బట్టలు మార్చుకునే చోట ఉండనే కూడదు. దాచిపెట్టిన కెమెరా, ముఖ్యంగా మాటలు రికార్డు చేసేది, చాలాచోట్ల నేరం.

కావాలని బల్ల మీద డబ్బు పడేసి ‘తీస్తుందా లేదా’ అని చూసేవారున్నారు. ఇంతకంటే నీచమైన పరీక్ష లేదు, ఉపయోగమూ లేదు. దొంగ అయినవారు ఆ వల గుర్తుపడతారు, నిజాయితీపరులు మనసులో గాయపడతారు. నగలు, నగదు, ముఖ్యమైన కాగితాలు తాళం వేసి పెట్టుకోండి. ఎవరొచ్చినా, ఎంత నమ్మినా అంతే. తాళం వేసిన బీరువా ఆవిడను కూడా కాపాడుతుంది.

ఏదైనా కనబడకపోతే

రెండు రోజులు ఆగండి. జేబులు, సంచులు, మంచం సందు, వాషింగ్ మెషీన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత, అన్నీ వెతకండి. ఇంట్లోవారందరినీ అడగండి. ఆ తరవాత ఆవిడను అడిగేటప్పుడు ‘నువ్వు తీశావా?’ కాదు, ‘ఫలానా వస్తువు చివరిసారి ఎక్కడ చూశారు?’ అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు దొరికే అవకాశం ఉంది. మొదటి ప్రశ్న అడిగాక వస్తువు సోఫా కింద దొరికినా ఆ మనిషి మళ్లీ మీకు దొరకదు. సంచి వెతకడం, జీతం ఆపేయడం వంటివి చేయకండి. గట్టి ఆధారం ఉంటే పోలీసులకు చెప్పండి, లేకపోతే మాట మింగండి.

మానేసేటప్పుడు

కుదరకపోతే సాగదీయకండి. ఒప్పందంలో రాసుకున్నన్ని రోజుల ముందు చెప్పి, కారణం ఒక్క వాక్యంలో చెప్పి, బాకీ ఉన్న జీతం చివరి రోజే చేతిలో పెట్టండి. తాళంచెవి తీసుకోండి, తాళం నంబరు మార్చండి, ఆవిడ గుర్తింపు కార్డు నకలు ఆవిడ ముందే చింపేయండి.

కొన్నాళ్లకు ఎవరో కొత్తింటివారు మీకు ఫోను చేసి ‘మళ్లీ పెట్టుకుంటారా?’ అని అడుగుతారు. పెట్టుకుంటాననే అయితే ఆలోచించకుండా చెప్పండి. విరామం ఇవ్వకండి, అవతలివారు దాన్నీ వింటారు.